జర్మన్ హ్యాంగర్ వేయిస్తున్నారా? ముందు నేల చూడండి

మా నాన్న తెనాలిలో సప్లయర్స్ షాపు నడిపేవాడు. షామియానాలు, ఇనప కుర్చీలు, గుండిగలు, ట్యూబులైట్లు. పెళ్ళి పందిరికి రాట వేసే ముందు చెప్పు విప్పి నేలని మడమతో గట్టిగా ఒక తొక్కు తొక్కేవాడు. భక్తి అనుకునేవాణ్ణి. గొయ్యి ఎంత లోతు తీయాలో ఆ తొక్కుతో తేల్చుకునేవాడని చాలా ఏళ్ళకి గానీ నాకు తెలియలేదు. ఇప్పుడు నేను వేసేవి అల్యూమినియం హ్యాంగర్లు, అంటే ఫ్రేముల మీద పట్టా కప్పిన పెద్ద డేరాలు. రాట లేదు, గొయ్యి లేదు, తాటాకు అంతకన్నా లేదు. మడమ తొక్కుడు మాత్రం మానలేదు.

కాలేజీ ఫంక్షనో, పెళ్ళో, ఎగ్జిబిషనో పెట్టుకుని మొదటిసారి హ్యాంగర్ అద్దెకి తీసుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బిగించే పని మీరు చేయరు, మాలాంటి వాళ్ళం చేస్తాం. కానీ ఏం అడగాలో, ఎక్కడ నిలబడి చూడాలో తెలియకపోతే మేం ఏం చేసినా మీకు బాగానే కనిపిస్తుంది.

మా దగ్గర జర్మన్ హ్యాంగర్ అని పిలిచేది ఏమిటంటే, అల్యూమినియం కాళ్ళు, వాటి మీద రెండు వైపుల నుంచి వచ్చి పైన కలిసే దూలాలు, ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య వాటిని కలిపే అడ్డ కమ్మీలు (పర్లిన్లు), పైన మందపాటి పీవీసీ పట్టా. మధ్యలో ఒక్క స్తంభం ఉండదు, దాని అందమే అది. వెడల్పు 10, 15, 20, 25, 30 మీటర్లు, ఇలా దొరుకుతుంది. పొడవు మాత్రం ఫ్రేముకీ ఫ్రేముకీ 5 మీటర్ల చొప్పున పెరుగుతుంది. ఆ 5 మీటర్ల గదినే బే అంటాం. కాబట్టి 32 మీటర్ల పొడవు కావాలని అడిగితే రాదు. 30 తీసుకోండి, లేదా 35. మిగిలిన రెండు మీటర్లు షామియానాతో కలిపేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వాన పడిందంటే ఆ అతుకు దగ్గరే నీళ్ళు దూకుతాయి.

సైజు లెక్క ఎప్పుడూ మనుషుల నుంచి మొదలుపెట్టాలి. 15 × 30 అంటే 450 చదరపు మీటర్లు, మన లెక్కలో 4,840 చదరపు అడుగులు. వేదికకి ఒక బే పోతుంది. వేదిక ముందు కొంత ఖాళీ, మధ్యలో నడవ, పక్కన నడవలు పోను 400 కుర్చీలు హాయిగా పడతాయి. ఆరువందలు పడతాయని చెప్పేవాళ్ళు ఉంటారు. పడతాయి, కానీ మధ్యలో కూర్చున్న పెద్దాయనకి బాత్రూంకి వెళ్ళాలంటే యాభై మంది లేవాలి. అదే హ్యాంగర్లో టేబుళ్ళు వేసి బంతి భోజనాలు పెడితే ఒక బంతికి 250 మందికి మించి అనుకోకండి. వడ్డించేవాళ్ళు బకెట్లతో తిరగాలి కదా.

ఎగ్జిబిషన్ స్టాళ్ళ దగ్గర అందరూ మోసపోతారు. స్టాలు 3 × 3 మీటర్లు. 20 × 40 హ్యాంగర్లో రెండు గోడల వెంట రెండు వరసలు, మధ్యలో వీపులు ఆనించి ఇంకో రెండు వరసలు. అంటే 12 మీటర్లు స్టాళ్ళకి, మిగిలిన 8 మీటర్లు రెండు నడవలకి. వరసకి 12 స్టాళ్ళ చొప్పున మొత్తం 48 అని కాగితం మీద వేసేస్తారు. నేల మీదకి వచ్చేసరికి మధ్య వరసలకి రెండు చివర్లా మనుషులు తిరగడానికి 4 మీటర్ల చొప్పున వదలాలి. నడుమ ఇంకో 4 మీటర్లు అడ్డదారి. మిగిలేది 28 మీటర్లు, వరసకి 9 స్టాళ్ళే. గోడల వెంట 24, మధ్యలో 18, మొత్తం 42. ఆ తేడా ఆరు స్టాళ్ళకీ ముందే డబ్బులు తీసుకుని, ప్రారంభోత్సవం ఉదయం గొడవ పడ్డ నిర్వాహకుల్ని చూశాను. ఇంకో సంగతి: హ్యాంగర్ కాళ్ళు లోపలికి ఒక జానెడు వస్తాయి, గోడకీ స్టాలు వీపుకీ మధ్య వైర్లు పోవడానికి సందు కావాలి. కాబట్టి 4 మీటర్ల నడవ నిజంగా మూడుమ్ముప్పావే.

స్థలం చూడ్డానికి వచ్చే మనిషి ముందు పైకి చూడాలి. కరెంటు తీగలు. వైరు కింద హ్యాంగర్ వేయకూడదు, అందులో బేరం లేదు. గేటు దగ్గర తీగ కిందుగా ఉన్నా చిక్కే, ఫ్రేముల్ని లేపడానికి వచ్చే హైడ్రా క్రేను చేయి దానికి తగులుతుంది. లారీ లోపలికి రాగలదా, తిరగగలదా చూడాలి. తర్వాత కిందకి చూడాలి. ఎక్కడ పల్లం, వాన పడితే నీళ్ళు ఎటు పోతాయి, నేల కింద ఏమున్నాయి. ఒక స్కూలు గ్రౌండులో మా కుర్రాడు సమ్మెటతో రాడ్డు దించుతుంటే ఆరో దెబ్బకి ఫౌంటెన్ లేచింది. కింద మంచినీళ్ళ పైపు ఉందని చెప్పినవాళ్ళు లేరు, నేనూ అడగలేదు. అప్పట్నుంచీ స్థలం యజమానిని కాదు, అక్కడ మోటారు వేసే వాచ్‌మన్‌ని అడుగుతున్నాను. ఏ పైపు ఎక్కడ పోతుందో తెలిసేది ఆయనకే.

ఇక నేల. హ్యాంగర్ తేలిగ్గా ఉంటుంది. దాన్ని ఆపేది దాని బరువు కాదు, ప్రతి కాలి అడుగున ఉండే పలకలోంచి, అంటే బేస్ ప్లేటులోంచి, నేలలోకి దించే ఇనప రాడ్లు. వేలి మందం కంటే ఎక్కువ లావు, 25 మిల్లీమీటర్లు, పొడవు మీటరు. కాలికి నాలుగు. 15 × 30 హ్యాంగర్‌కి ఆరు బేలు, ఏడు ఫ్రేములు, 14 కాళ్ళు, అంటే 56 రాడ్లు. ముందూ వెనకా ముఖాలకి నిలబెట్టే స్తంభాలవి వేరే. ఈ 56 అనే అంకె గుర్తుపెట్టుకోండి.

గాలికి ఎంత బలం ఉంటుందో చిన్న లెక్క చెబుతాను. గంటకి 80 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకి 22 మీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద సుమారు 30 కిలోల తోపుడు పడుతుంది. 30 మీటర్ల పొడవు, 4 మీటర్ల ఎత్తు ఉన్న పక్క గోడ 120 చదరపు మీటర్లు. అంటే మూడున్నర టన్నుల పైన. పైకప్పుని పైకి లాగే బలం దీనికి అదనం. మామూలు రోజున ఆ గోడ మీద ఒక పిట్ట వాలినా ఊగుతుంది, కాబట్టి ఈ లెక్క ఎవరికీ గుర్తు రాదు.

నాకూ గుర్తు రాలేదు. కొన్నేళ్ళ క్రితం ఏప్రిల్ చివర్లో గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ వార్షికోత్సవానికి 15 × 25 వేశాం. నల్లరేగడి నేల. ఎండకి బీటలు వారి రాయిలా ఉంది, సమ్మెట వేస్తే ఖంగుమంటోంది. ఒక్కో రాడ్డుకి ఇరవై నిమిషాలు పడుతోంది. మా మేస్త్రీ, "రెండేసి చాలు బాబాయ్, ఏనుగు లాగినా రాదు" అన్నాడు. చీకటి పడుతోంది, పొద్దున్నే ఇంకో ఊళ్ళో పని. సరే అన్నాను. ఆ రాత్రి గంటసేపు వాన పడింది. నల్లరేగడి బీటల్లోకి నీళ్ళు నేరుగా రాడ్డు మొన దాకా దిగిపోతాయి. పొద్దున్న పైకి ఆరిపోయినట్టే కనబడింది. సాయంత్రం నాలుగున్నరకి, పిల్లలు వచ్చి కూర్చోవడానికి అరగంట ఉందనగా, పడమటి నుంచి దుమారం లేచింది. నా కళ్ళ ముందే పడమటి వరసలో మూడో కాలు, బేస్ ప్లేటుతో సహా, రెండు రాడ్లనీ బురదలోంచి పెరుక్కుంటూ జానెడు పైకి లేచింది. దోసకాయ తీగ పీకినంత మెత్తగా. మా కుర్రాళ్ళు నలుగురు పరిగెత్తి ఆ కాలుని కావలించుకున్నారు. "వదలండిరా, బయటికి రండి" అని అరుస్తున్నా గాలి హోరులో వాళ్ళకి వినపడదు. పది నిమిషాల్లో గాలి తగ్గింది. కాలు దిగింది, కానీ లేచిన చోట కాదు, మూరెడు లోపలికి. రెండు దూలాలు వంగాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కార్యక్రమం ఆడిటోరియంలో ఇరుక్కుని జరుపుకున్నారు. ఆ రోజు కాలేజీ వాళ్ళు నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

అప్పట్నుంచీ నా పద్ధతి ఇది. నల్లరేగడి అయితే కాలికి నాలుగు రాడ్లూ దించడమే కాదు, బేస్ ప్లేటుకి బెల్టులతో నీళ్ళ ట్యాంకు కట్టిస్తాను. ఇనప బోనులో ఉండే తెల్ల ప్లాస్టిక్ ట్యాంకు వెయ్యి లీటర్లు పడుతుంది, నింపితే టన్ను. నింపకుండా వరసగా నిలబెట్టి ఫొటోలు పంపేవాళ్ళు కూడా ఉన్నారు, కాబట్టి వెళ్ళి తట్టి చూడండి. ఇసుక నేలలో, ఏటి ఒడ్డున, రాడ్లని అసలు నమ్మను. పుష్కరాల లాంటి వాటికి ఇసుకలో వేయాల్సి వస్తే మొత్తం బరువుల మీదే లెక్క కట్టాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఈ మాట అప్పుడు చాలామందికి పనికొస్తుంది. ఎర్రనేల, గరుసు నేల రాడ్డుని బాగా పట్టుకుంటాయి. తేల్చుకోవడం ఎలా అంటే, రాడ్డు సగం దిగాక కూడా దెబ్బకి రెండంగుళాల చొప్పున దిగుతోందంటే నేల మెత్తన, బరువులు కావాల్సిందే.

సిమెంటు నేల, పార్కింగు స్థలం అయితే రాడ్లు దిగవు. బోల్టులు వేయాలంటే యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే కాంక్రీటు దిమ్మలు. 60 సెంటీమీటర్ల ఘనం దిమ్మ అర టన్ను తూగుతుంది. నున్నటి నేల మీద దిమ్మ బరువుగా ఉన్నా పక్కకి జారుతుంది, కింద రబ్బరు మ్యాటు వేయమనండి. కుర్రాళ్ళు ఇసుక బస్తాలు నాలుగు పడేసి "అన్నా, అయిపోయింది" అంటే అవ్వలేదని అర్థం.

బిగించే రోజు మీరు పొద్దున్నే వెళ్ళండి. మొదటి గంటలో చూడాల్సింది మూలమట్టం. నాలుగు మూలలూ గుర్తుపెట్టాక రెండు టేపులు తీసుకుని ఎదురెదురు మూలలకి కొలవమనండి. 15 × 30కి రెండు కొలతలూ 33 మీటర్ల 54 సెంటీమీటర్లు రావాలి. ఒకటి 33.54, ఇంకోటి 33.70 వచ్చిందంటే హ్యాంగర్ సాగిన అట్టపెట్టెలా ఉంటుంది, ఆఖర్న పట్టా ఎక్కదు, లాగి చింపుతారు. ఆ తర్వాత బేస్ ప్లేట్ల మీద రసమట్టం. పల్లం వైపు కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టి ఎత్తు కలుపుతారు. ఒకటీ రెండూ అయితే పర్వాలేదు, చెక్కముక్కలు మేడలా పేర్చారంటే అక్కడ సరైన ఇనప స్టాండు అడగండి.

ఫ్రేములు నేల మీదే బిగించి, ఒక్కోటీ లేపుతారు. మొదటి రెండు ఫ్రేములు లేచాక వాటి మధ్య అడ్డంగా ఇంటూ గుర్తులా ఇనప తాళ్ళు లాగి బిగించాలి. ఆ తాళ్ళే హ్యాంగర్ని పేకమేడలా పొడవునా వాలిపోకుండా ఆపేవి. చివరి బేలోనూ ఉండాలి, పొడవు ఎక్కువైతే మధ్యలో కూడా. తలుపుకి అడ్డమొచ్చిందని తాడు విప్పేయమని అడిగే డెకరేషన్ వాళ్ళు ప్రతి ఫంక్షన్లోనూ ఒకరుంటారు. మీరు వాళ్ళ వైపు మాట్లాడకండి. తలుపుని పక్క బేకి జరపండి.

పైపట్టా అంచున తాడు కుట్టి ఉంటుంది. అది దూలంలోని గాడిలో దూరి అవతలి వైపుకి జారుతుంది. రాడ్లన్నీ దిగి, తాళ్ళన్నీ బిగిశాకే ఇది మొదలుపెట్టాలి. వేసవిలో మధ్యాహ్నం మూడు దాటాక నేను పైపట్టా ఎక్కించనివ్వను. సగం ఎక్కిన పట్టాకి గాలి తగిలిందంటే తెరచాపే. తెల్లవారుజామున అయిదింటికి గాలి ఉండదు, టీ తాగి అప్పుడు లాగుతాం.

రెండు హ్యాంగర్లు పక్కపక్కన కలిపి వేస్తే మధ్యలో నీళ్ళు పోయే తొట్టి కడతారు. కారేది అక్కడే. ఆ కింద సౌండు మిక్సరు గానీ వీఐపీ సోఫాలు గానీ పెట్టకండి. బయట చుట్టూ బోదె తీయించడం రెండు గంటల పని, పారలతో ఇద్దరు మనుషులు చాలు. లోపల చెక్క ప్లాట్‌ఫాం వేస్తున్నాం కదా బోదె ఎందుకు అంటారు. ప్లాట్‌ఫాం కింద నీళ్ళు నిలిస్తే కార్పెట్టు మూడో రోజుకి వాసన కొడుతుంది, వైర్లు కూడా అక్కడే ఉంటాయి.

గాలి విషయంలో ముందే ఒక మనిషికి పని అప్పజెప్పండి. గాలి వేగం చూపించే చేతి మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది. నేను గంటకి 40 కిలోమీటర్లు దాటితే గోడల పట్టాలన్నీ కిందకి మూసి కట్టిస్తాను, 60కి వస్తే కార్యక్రమం ఆపి జనాన్ని పక్కా భవనంలోకి పంపిస్తాను. గోడలు మూయడమేమిటి, తీసేస్తే గాలి ఇటు నుంచి అటు వెళ్ళిపోతుంది కదా అని అందరూ అడుగుతారు. నాలుగు వైపులా తీసేస్తే వేరే సంగతి. ఒక్క గాలి వైపు తెరిచి మిగతా మూడూ మూసి ఉంచితే, దూరిన గాలి పోయే దారి లేక కప్పుని లోపల్నుంచి పైకి తోస్తుంది, బయట గాలి పైనుంచి లాగుతుంది. గొడుగు తిరగబడేది అలాగే. అయినా అద్దె హ్యాంగర్లు మామూలుగా గంటకి 80 నుంచి 100 కిలోమీటర్ల గాలికి లెక్క వేసినవి. పక్కా కట్టడాలకి మన ప్రమాణాల్లో లెక్క మొదలుపెట్టే గాలి హైదరాబాదులో సెకనుకి 44 మీటర్లు, విజయవాడ, విశాఖల్లో 50. ఆ 50 అంటే గంటకి 180 కిలోమీటర్లు. కోస్తాలో తుఫాను హెచ్చరిక వస్తే హ్యాంగర్ని గట్టిగా కట్టడం కాదు, విప్పేయడమే. మీ ఒప్పందంలో ఆ విప్పదీత ఖర్చు ఎవరిదో ముందే రాసుకోండి. సరఫరాదారు దగ్గర గాలి లెక్క కాగితం, దాని మీద ఇంజినీరు సంతకం ఉంటుంది. లేదంటే ఇంకొకరిని చూసుకోండి.

నిప్పు సంగతి. 2019 జనవరి 30 రాత్రి నాంపల్లి నుమాయిష్‌లో మంటలు లేచి వందకు పైగా స్టాళ్ళు తగలబడ్డాయి. ఆ వీడియోలు చూసినవాళ్ళకి ఇక చెప్పక్కర్లేదు. తాత్కాలిక కట్టడాలు, పందిళ్ళలో నిప్పు జాగ్రత్తలకి ఐఎస్ 8758 అని ప్రత్యేకంగా ఒక భారతీయ ప్రమాణం ఉంది. అందులో తప్పక పట్టించుకోవాల్సిన మాట, లోపల ఎక్కడ నిలబడినా బయటికి దారి 15 మీటర్ల లోపు ఉండాలన్నది. 30 మీటర్ల హాలుకి ముందొక తలుపు, వెనకొక తలుపు పెట్టి అయిపోయింది అనుకోకండి, పక్కలకీ పెట్టండి. ఆ తలుపుల బయట క్యాటరింగ్ వాళ్ళ ఐస్ డబ్బాలు లేకుండా చూడండి. పట్టా సులువుగా అంటుకోనిదని సర్టిఫికెట్ అడగండి, ఫైర్ వాళ్ళూ అడుగుతారు. పట్టా మంచిదే అయినా లోపల వేలాడదీసే సీలింగు గుడ్డ, ప్లాస్టిక్ పూలు అలాంటివి కావు. వంట ఎప్పుడూ బయటే, దూరంగా. అనుమతులకి పోలీసు, ఫైరు, మున్సిపాలిటీ లేదా పంచాయతీ, తాత్కాలిక కరెంటు కనెక్షన్ కావాలంటే డిస్కం, అంటే కరెంటు సరఫరా సంస్థ. పదిహేను రోజుల ముందే మొదలుపెట్టండి.

ఏసీకి నా లెక్క వేసవిలో వంద చదరపు అడుగులకి ఒక టన్ను. 15 × 30కి 48 టన్నులు. అంత చల్లదనానికి అరవై కిలోవాట్ల పైన, లైట్లకీ సౌండుకీ ఇంకో పదిహేను. 125 కేవీఏ జనరేటరు దాదాపు 100 కిలోవాట్లు ఇస్తుంది, సరిపోతుంది. కానీ ఒక్కటే తెచ్చుకుంటే టెన్షన్ మీదే, పక్కన రెండోది ఉండాలి. మొత్తం కట్టడం అల్యూమినియం అని మరవకండి. ఫ్రేముకి రెండు చోట్ల ఎర్తింగ్, బోర్డులో షాకు కొట్టగానే పడిపోయే బ్రేకరు. ఎలక్ట్రీషియన్‌ని దాని టెస్టు బటన్ మీ ముందు నొక్కమనండి.

స్టాళ్ళ గోడలకి వాడే ఆక్టానార్మ్ అనే సెట్టు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎనిమిది పలకల కంబాలు, మధ్యలో మీటరు వెడల్పు పలకలు, ఎల్లెన్ కీతో ఒక తిప్పు. పలకలకి మేకులు కొడితే డబ్బులు కట్టించుకుంటారని స్టాలు వాళ్ళకి ముందే చెప్పండి. గ్రీన్ రూముకీ కంట్రోల్ రూముకీ పోర్టా క్యాబిన్ తెప్పిస్తే, స్టాళ్ళు వేయకముందే దింపించండి. 20 అడుగుల డబ్బా తర్వాత ఏ సందులోంచీ రాదు.

విప్పే రాత్రి ఎవరూ ఉండరు. అలసట, చీకటి, పొద్దున్నకి గ్రౌండు ఖాళీ చేయాలన్న తొందర, నాకు తెలిసిన దెబ్బలన్నీ తగిలింది అప్పుడే. లైట్లు ఆఖర్న తీయమనండి. బరువులూ రాడ్లూ కూడా పట్టా దిగాకే తీయాలి. ట్యాంకుల నీళ్ళు అక్కడే వదిలేయకుండా ఏదైనా చెట్ల వైపు పైపు వేయించండి. తర్వాత రాడ్లు లెక్కపెట్టించండి. బిగించిన రోజు నేలలోకి 56 దిగాయి, లారీలోకి 56 ఎక్కాలి. 55 ఉంటే టార్చి తీసుకుని వెతకాల్సిందే. తల వంగి మట్టిలో కలిసిపోయిన రాడ్డు మీద మర్నాడు ఏ పిల్లాడో ఫీల్డింగ్ చేస్తూ దూకుతాడు.